నచ్చకపోతే వాపసు

నేను పొడుగ్గా పెరగడం మా కొట్టుకి కలిసొచ్చింది. వన్‌టౌన్‌లో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. దూలానికి వేలాడదీసిన బిందెలు దించాలంటే పక్క కొట్లవాళ్లు నిచ్చెన వేసుకునేవారు, మా నాన్న నన్ను కేకేసేవాడు. కాలేజీలో ఆ పొడుగు చూసే నా చేతిలో బాస్కెట్‌బాల్ పెట్టారు. పైనున్నవి కిందికి దించడం అలవాటైనవాడికి, కిందున్నది పైకి వెయ్యడం ఏమంత పని అని నేనూ అనుకున్నాను.

సరుకులో లోపం మొదటే చెప్పడం మా ఇంటా వంటా లేదు. అయినా చెప్పేస్తాను. నాకు ఆటంటే భయం. ఒక్కణ్ణే బంతి కొట్టుకుంటూ వెళ్లి రింగులో వెయ్యమంటే చూసేవాళ్లు ముచ్చటపడేలా వేసేవాణ్ణి. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం బంతి పక్కవాడికి ఇచ్చేసేవాణ్ణి. కొట్లో మనిషికీ మనిషికీ మధ్య ఒక బల్ల ఉంటుంది. అవతలివాడు ఎంత అరిచినా ఆ బల్ల దాటి రాడు. కోర్టులో ఆ బల్ల లేదు. మండిపోయే సిమెంటు నేల మీద, చెమటతో నిగనిగలాడే మనిషి మోచేతులు విప్పుకుని మీదికొస్తుంటే, నా కళ్లు నన్ను అడక్కుండానే మూసుకుపోయేవి.

అలాంటివాణ్ణి ఆటతో వచ్చే ఉద్యోగం కోసం ఎందుకు ఎగబడ్డానంటే, అంతకంటే పెద్ద భయం ఒకటి ఇంట్లో నాకోసం కాచుకుని ఉంది. గుడివాడలో మా బాబాయికి కొట్టుంది, కొడుకులు లేరు. నా బీకాం అవగానే నన్ను అక్కడికి పంపేట్టు ఆయనా మా నాన్నా మాట్లాడేసుకున్నారు. చిన్నప్పుడు ఒక వేసవి నేనక్కడ గడిపాను. బాబాయి కొట్టేవాడు కాదు. కొనడానికి వచ్చినవాళ్ల ముందు నిలబెట్టి, నేను చేసిన తప్పేమిటో నా నోటితోనే చెప్పించేవాడు. వాళ్లు నవ్వేదాకా చెప్పించేవాడు. ఆ తరవాత చాలాకాలం, ఎక్కడన్నా గిన్నె కిందపడిన చప్పుడు వింటే, నేను కాదండీ అనేసేవాణ్ణి.

ఇదంతా డెబ్బైల నడిమి సంగతి. ఆటోనగర్ దగ్గర ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఉండేది. దాని యజమానికి బాస్కెట్‌బాల్ పిచ్చి. ఊళ్లోవాళ్లు ఆ డబ్బుతో సినిమాలు తియ్యొచ్చుగా అనేవారు, ఆయన మాత్రం జట్టు పెట్టాడు. ఆటగాళ్లందరూ కాగితం మీద బుకింగ్ క్లర్కులు, గోడౌన్ సూపర్‌వైజర్లు. మధ్యాహ్నం మూడు కొట్టగానే రసీదు పుస్తకాలు మూసి, గోడౌన్ వెనక సిమెంటు కోర్టుకి వెళ్లిపోవాలి. జీతమంతా ఆటకే అని అందరికీ తెలుసు. కుర్చీ, నెత్తిన ఫ్యాను, ఒకటో తారీఖు జీతం. గుడివాడ నుంచి చూస్తే అది స్వర్గం.

జట్టుని తిప్పేది పటాలంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన. అందరూ మాస్టారనేవారు. పాత ఆటగాళ్లకి వయసు మీదపడుతోందని, ఒక్క కుర్రాణ్ణి తీసుకోవడానికి ఆయన పోటీ పెట్టాడు. పాతికమందిమి వెళ్లాం. సాయంత్రానికి ఆయన పటమట నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి ఎంచుకుని, మిగతావాళ్లని ఇళ్లకి పొమ్మన్నాడు. ఆ కుర్రాడి తల్లి ఆసుపత్రిలో ఆయా, తండ్రి లేడు. వాళ్లమ్మ ఆదివారం చర్చిలో చేసిన ప్రార్థన బుధవారానికే ఫలించిందని వాడు నవ్వుతూ నాకే చెప్పాడు. ఉద్యోగం వచ్చినట్టేనని వాడూ అనుకున్నాడు, నిజానికి వచ్చినట్టే. నేను ఊరుకుని ఉంటే.

మా వీధిలో ఒక పద్ధతుంది. పెద్దిళ్ల ఆడవాళ్లు కొట్టుకి రారు. వాళ్లకి బిందె కావాలంటే మేము రెండు పంపుతాం. రెండూ ఇంట్లో పెట్టుకుని, నీళ్లు పోసి చూసుకుని, నచ్చింది ఉంచుకుని, నచ్చనిది వాపసు పంపుతారు. ఒకటే పంపితే వద్దనేస్తారేమోనని భయం. రెండు పంపితే ఏదో ఒకటి ఉండిపోతుంది. నేను మిగతావాళ్లందరూ వెళ్లేదాకా చూసి, మాస్టారి దగ్గరికి వెళ్లి, సరిగ్గా ఆ మాటే చెప్పాను.

"ఆ అబ్బాయిని తీసుకున్నారు, మంచిదేనండీ. నన్నూ పక్కన పెట్టుకోండి. నాకు జీతం వద్దు. వచ్చే వేసవి టోర్నమెంటుదాకా ఇద్దర్నీ వాడి చూడండి. నచ్చినవాణ్ణి ఉంచుకోండి, నచ్చనివాణ్ణి వాపసు పంపండి."

 మాస్టారు ఆ మాట యజమానికి చెప్పాడు. ఒకరి జీతంతో ఇద్దరు వస్తున్నారంటే ఏ యజమాని కాదంటాడు? బేరం కుదిరింది. అప్పటికప్పుడు ఆ పటమట కుర్రాడి ఉద్యోగం సగమైపోయింది. వాడు బూట్ల తాళ్లు ముడేసి మెడలో వేసుకుని అక్కడే ఉన్నాడు. వాడికి కోపం రావాల్సింది. రాలేదు.

"రా షావుకారూ," అన్నాడు. "బెంచీ మీద ఒక్కణ్ణే అయితే నాకూ బోరు."

ఆ రోజు నుంచి జట్టులో నా పేరు షావుకారే.

బెంచీ అంటే గోడౌన్ నుంచి మోసుకొచ్చిన పొడుగాటి బల్ల. దానికొక వరస ఉంది. మాస్టారి పక్కన ఎవడు కూర్చుంటే ముందు వాడే లోపలికి వెళ్తాడు. పటమట కుర్రాడు మాస్టారి తొడకి తొడ ఆనించుకుని కూర్చునేవాడు. నేను ఆ చివర, మంచినీళ్ల కుండ పక్కన. నీళ్లు ముంచి ఇవ్వడం, తువ్వాళ్లు మడవడం, సోడాలు కొట్టించడం, ఇవన్నీ నేనే మీద వేసుకున్నాను. నన్ను చూసి ఎంత వినయం అనుకునేవారు. పని చేస్తున్నవాణ్ణి పని మధ్యలో ఎవరూ లేపరన్నదే నా ధైర్యం. మాస్టారు తల ఇటు తిప్పినప్పుడల్లా నేను కుండలోకి వంగేవాణ్ణి.

కొండ మీద అమ్మవారికి రెండు మొక్కులు మొక్కుకున్నాను. ఉద్యోగం నాకే వస్తే పదకొండు కొబ్బరికాయలు. నన్ను కోర్టులోకి పిలవకుండా ఉంటే ఐదు. రెండూ కలిపి ఎలా తీర్చాలో ఆవిడకే వదిలేశాను. పటమట కుర్రాడు మ్యాచికి ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని పెదాలు కదిపేవాడు, అంతే. కళ్లు తెరిచేసరికి మొహం తేటగా ఉండేది. ఆ భయాన్ని అంత తొందరగా ఎవరికి అప్పజెప్పి వస్తాడా అని నాకు కుళ్లుగా ఉండేది.

ఒకసారి యజమాని ప్రాక్టీసు చూడ్డానికి వచ్చి, ఈ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి మేపడం వల్ల ఏమిటి ఉపయోగం అని మాస్టార్ని అడిగాడు. మేమిద్దరం వింటూనే ఉన్నాం.

"ఐదు ఫౌళ్లు చేసినవాడు బయటికెళ్లాలి కదండీ," అన్నాడు మాస్టారు. "మనవాళ్లు పెద్దాళ్లయ్యారు, కాలు అందక చెయ్యేస్తారు. వాళ్ల ఐదూ అయిపోయాక ఇంకో ఐదు ఎక్కడినుంచి తెస్తాం? వీళ్లిద్దరి దగ్గరా పదున్నాయి. కాళ్లు కొత్తవి. పైగా ఆడేవాడికి బంతే కనపడుద్దండీ. కూర్చున్నవాడికి మనుషులు కనపడతారు."

ఆ చివరి మాట ఆయన నా గురించే అన్నాడు. నాకు అదొక్కటే వచ్చు. బిందె చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చప్పుడు వినేవాడు కొనడు. లోపలికి తొంగిచూసేవాడు కొంటాడు. పక్కవాళ్ల మొహం చూసేవాడు రేపొస్తానంటాడు. పదేళ్లవాడిగా ఉన్నప్పటి నుంచీ అదే చూస్తున్నవాణ్ణి, కోర్టు పక్కన కూర్చుంటే ఇంకేం చూస్తాను? ఫలానావాడు బంతి ఇవ్వబోయేముందు అటువైపు చచ్చినా చూడడు. ఫలానావాడు అలిసిపోతే షూ లేసు కట్టుకుంటాడు. మాస్టారు హాఫ్ టైములో నన్ను పిలిచి ఏం చూశావురా అని అడగడం అలవాటు చేసుకున్నాడు. నేను సగం చెప్పి సగం ఉంచుకునేవాణ్ణి. ఉన్న సరుకంతా ఒక్కసారే బల్ల మీద పరిస్తే దాని విలువ పోతుందని మా నాన్న చెప్పేవాడు. పటమట కుర్రాడు అప్పుడప్పుడు నా చేతివైపు చూసి, "మళ్లీ లెక్కేస్తున్నావా షావుకారూ" అని నవ్వేవాడు. ఎందుకంటున్నాడో నాకు తెలిసేది కాదు.

మా నాన్న నేర్పిన బేరం కూడా ఇక్కడే చెప్పాలి. అవతలివాడు చెప్పిన మొదటి మాటకి ఎప్పుడూ ఒప్పుకోకూడదు. అది మనకి లాభమైనా సరే. కడుపునొప్పి వచ్చినట్టు మొహం పెట్టి, చేతిలో వస్తువు మెల్లిగా తీసి అరలో పెట్టెయ్యాలి. కొనేవాడు దిగి వెళ్లిపోతుంటే కంగారుపడకూడదు. మా కొట్టుకి మూడు మెట్లు. మూడో మెట్టు దిగాకే వెనక్కి పిలవాలి. మొదటి మెట్టు మీద పిలిచినవాడు వ్యాపారానికి పనికిరాడు. ఇది నాకు చదువులా రాలేదు, ఊపిరిలా వచ్చింది. ఆలోచించకుండానే ఆ మొహం వచ్చేస్తుంది.

వేసవి టోర్నమెంటు వచ్చింది. మే నెల, సాయంత్రం నాలుగున్నరకి మ్యాచి. కోర్టు మీద నీళ్లు చల్లితే చల్లినట్టే ఆవిరైపోతోంది. మర్నాడు యజమాని మా ఇద్దర్లో ఒకణ్ణి ఖాయం చేస్తాడు, రెండోవాడు వాపసు. జట్టులో అందరికీ తెలుసు. పటమట కుర్రాడి తల్లి డ్యూటీ మార్పించుకుని వచ్చి, తెల్లచీరతో తాడు అవతల నిలబడి ఉంది. మా ఇంట్లోవాళ్లు రాలేదు. గుడివాడ వెళ్లడానికి నా ట్రంకు పెట్టె మాత్రం తుడిచి పెట్టారు.

ఆ రోజు జట్టులో ఒకడికి పచ్చకామెర్లు, ఇంకొకడు బావమరిది పెళ్లికని ఏలూరు వెళ్లాడు. ఆడే ఐదుగురు పోగా బెంచీ మీద ముగ్గురమే. ఒక పాతాయన, పటమట కుర్రాడు, నేను. చివర కూర్చున్నా మూడోవాణ్ణేనన్న మాట. ఆ లెక్క తెలిసినప్పటినుంచీ నా అరచేతులు తడారలేదు.

ఎదుటి జట్టు గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక మిల్లు జట్టు. వాళ్ల సెంటర్, అంటే బోర్డు కింద నిలబడే మనిషి, చాలా భారీగా ఉన్నాడు. తలుపు చెక్కలాంటి వీపు. ఫస్టాఫ్ మధ్యలో అతను బంతి అందుకుని తిరిగేటప్పుడు మోచెయ్యి తగిలి మా సెంటర్ కనుబొమ్మ చిట్లింది. అన్నా, సారీ అన్నా, అని అతనే ముందు పట్టుకుని లేపాడు. రిఫరీ అనుకోకుండా తగిలిందనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు. మా సెంటర్ని రిక్షాలో కుట్లు వేయించడానికి పంపి, పాతాయన్ని లోపలికి దించారు.

నాకు అనుమానం వచ్చింది. అతన్నే చూస్తూ కూర్చున్నాను. మామూలుగా తిరిగేటప్పుడు అతను ఏమీ చెయ్యడు. కాని కొన్నిసార్లు, బంతి రాకముందు, ఎడమ అరచెయ్యి నిక్కరుకి రెండుసార్లు తుడుచుకుంటాడు. తుడుచుకుంటే ఎడమవైపుకే తిరుగుతాడు. తిరిగేటప్పుడు కుడి మోచెయ్యి అవతలివాడి మొహం ఎత్తులో వస్తుంది. రిఫరీ అతని వీపు వెనక ఉన్నప్పుడే తుడుచుకుంటాడు. హాఫ్ టైముకి ముందు మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే. మందు కూడా తోచింది. అతను చెయ్యి తుడుచుకోగానే అరడుగు వెనక్కి వేసి, చేతులు నిటారుగా పైకెత్తి కదలకుండా నిలబడితే చాలు. మోచెయ్యి గాలిలో పోతుంది, ఆ ఊపుకి అతనే వచ్చి మీద పడతాడు, అప్పుడు ఫౌలు అతనిది.

హాఫ్ టైములో మాస్టారు వచ్చి ఏం చూశావురా అన్నాడు. బంతి కొట్టుకొచ్చే వాళ్ల గార్డు అలిసిపోయాడండీ అని చెప్పాను. అది నిజమే. రెండోది ఉంచుకున్నాను. దాని రేటు అప్పుడే పెరగడం మొదలైంది. మ్యాచి చివర్లో, ఓడిపోతామనుకున్నప్పుడు, యజమాని కూడా వింటుండగా చెబితే, మర్నాడు వాపసు వెళ్లేది నేను కాదు. నా ఆలోచన అది. భయపడేవాడికి లెక్కలు చాలా వేగంగా వస్తాయి.

సెకండాఫ్‌లో ఎనిమిది నిమిషాలుండగా మా గార్డు ఐదో ఫౌలు చేసి బయటికొచ్చేశాడు. మేము నాలుగు పాయింట్లు వెనక. మాస్టారు లేచాడు. పక్కనే గెంతడానికి సిద్ధంగా ఉన్న పటమట కుర్రాణ్ణి దాటుకుని నా దగ్గరికొచ్చాడు. పొడుగు కావాలి అన్నాడు. వాళ్ల సెంటర్, ఆ పెద్ద మనిషి ముందు నిలబడ్డానికి.

"ఎనిమిది నిమిషాలురా. దిగుతావా?"

తొమ్మిది నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను, ఆ మాటకే భయపడ్డాను.  నా మొహం దాని పని అది చేసేసింది. కడుపునొప్పి వచ్చినట్టు ముడుచుకుపోయింది. చేతిలో తువ్వాలు మెల్లిగా మడిచి పక్కన పెట్టాను, అచ్చం బిందె అరలో పెట్టినట్టు.

"ఎనిమిదంటే ఎక్కువండీ మాస్టారూ," అన్నాను. "నాలుగు చూడండి."

అది బేరమో భయమో ఇప్పటికీ తేల్చుకోలేను. చిన్నప్పటి నుంచీ రెండూ ఒకే గొంతుతో మాట్లాడుకుంటూ వచ్చాయి. మాస్టారు పటాలం మనిషి. ఆయనకి రెండో మాట లేదు. మూడో మెట్టు దాకా ఆగే మనిషి కాదు. నావంక చూసిన చూపులో కోపం కూడా లేదు. తల పక్కకి తిప్పి, "నువ్వు పోరా" అన్నాడు. పటమట కుర్రాడు అప్పటికే చొక్కా లోపలికి దోపుకుంటూ స్కోరు రాసే బల్ల దగ్గర ఉన్నాడు.

అంతవరకూ అతన్ని కాసిన పాతాయన అలిసిపోయాడు, కోర్టులో వాడు వెళ్లి నిలబడింది ఆ పెద్ద మనిషి ముందు. వాడి తల అతని భుజానికి వస్తుంది. సరిగ్గా మోచేతి ఎత్తుకి.

అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. అంతవరకూ నాకు తెలిసిన భయాలన్నీ నా ఒంటికి సంబంధించినవి. ఇది కొత్తరకం. నాకు తెలిసింది వాడికి తెలియదు. మొదటిసారి ఆ మనిషి చెయ్యి తుడుచుకున్నప్పుడు నేను బల్ల అంచు పట్టుకున్నాను. మోచెయ్యి వాడి చెవి పక్కనుంచి పోయింది. వాడు నవ్వుతూ తల విదిలించుకున్నాడు. తాడు అవతల తెల్లచీర కదల్లేదు. చెప్పాలి. చెబితే వాడు మెరిసిపోతాడు, ఉద్యోగం వాడిదైపోతుంది, నేను గుడివాడ. చెప్పకపోతే ఎప్పుడో ఒకసారి గురి తప్పదు. ఈ రెండింటినీ తక్కెట్లో వేసుకుని కూర్చున్నాను. 

మాస్టారు టైమవుట్ అడిగాడు. వాళ్లు చుట్టూ మూగారు. నేను నీళ్లు తీసుకెళ్లాను. పటమట కుర్రాడు గటగటా తాగేసి, గ్లాసు నాకు తిరిగివ్వకుండా నా మొహంలోకి చూశాడు. ఎందుకో అంతసేపు చూశాడు. నేను చెబుదామనే నోరు తెరిచాను.

"ఇంకొంచెం పొయ్యనా?" అన్నాను.

వాడు గ్లాసు ఇచ్చేశాడు.

ఆట మొదలైన నిమిషానికే జరిగింది. పెద్ద మనిషి రెండుసార్లు చెయ్యి తుడుచుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను, కోర్టులో ఉన్నట్టే. చప్పుడు వినపడింది. కొట్లో గిన్నె పడినప్పటి చప్పుడు కాదు, అంతకంటే చిన్నది, మెత్తనిది. కళ్లు తెరిచేసరికి వాడు సిమెంటు మీద మోకాళ్లేసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం. అన్నా, సారీ అన్నా, అంటూ ఆ మనిషి వంగి లేపుతున్నాడు. రిఫరీ మళ్లీ అతని వీపు వెనకే ఉన్నాడు. ముందు పన్ను ఒకటి నేల మీద దొరికితే మాస్టారు తీసి జేబులో వేసుకున్నాడు.

వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టారు. వాళ్లమ్మ తాడు దాటి వస్తుంటే ఎవరో ఆపారు. మాస్టారు నావైపు తిరిగి చొక్కా దోపుకోమన్నాడు. ఈసారి అడగలేదు. ఐదు నిమిషాలుంది, దిగడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఇక్కడ నేను మంచివాణ్ణయ్యానని రాస్తే చదివేవాళ్లకి బాగుంటుంది. కాలేదు. ఆ మోచెయ్యి ఇప్పుడు నాది. అదొక్కటే నాకు కనపడింది. సోడా బండివాడి దగ్గర్నుంచి ఐసుముక్క తెచ్చి తువ్వాల్లో చుట్టి వాడి నోటికి అదుముతూ, తొమ్మిది నెలల్లో మొదటిసారి, ఉన్నదంతా చెప్పేశాను. చెయ్యి తుడుచుకోవడం, ఎడమవైపు తిరగడం, రిఫరీ ఎక్కడుంటాడో, అరడుగు వెనక్కి, చేతులు పైకి, కదలొద్దు. అతనికి నాలుగు ఫౌళ్లున్నాయి, ఇంకొక్కటైతే పోతాడని కూడా చెప్పాను. రేటు అడగలేదు. వీడు మళ్లీ లేచి వెళ్లకపోతే నేను వెళ్లాలి, అందుకు.

వాడు తువ్వాల్లోకి ఉమ్మి, లేచి నిలబడ్డాడు. నేనే ఆడతానండీ అని మాస్టారితో అన్నాడు. పన్ను లేని నోట్లో ఆ మాట సరిగ్గా పలకలేదు.

రెండు నిమిషాల తరవాత పెద్ద మనిషి చెయ్యి తుడుచుకున్నాడు. వాడు అరడుగు వెనక్కి వేశాడు, చేతులెత్తాడు, రాయిలా నిలబడ్డాడు. మోచెయ్యి గాలిలో తిరిగింది. ఆ తలుపుచెక్క వీపు తిరిగి తిరిగి వచ్చి వాడి ఛాతీ మీద పడింది, ఇద్దరూ కింద పడ్డారు. రిఫరీ ఈల వేసి అయిదు వేళ్లు చూపించాడు. ఆ మనిషి వెళ్లిపోయాక ఆ జట్టుకి నడుం విరిగినట్టయింది. మేము మూడు పాయింట్లతో గెలిచాం. కింద పడి లేచిన దగ్గర్నుంచి చివరిదాకా వాడు నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆటలో ఉన్నాడులే అనుకున్నాను.

మర్నాడు పదింటికి యజమాని వాణ్ణి ఖాయం చేశాడు. నన్ను వాపసు పంపేముందు మాస్టారు గోడౌన్ గుమ్మం దాకా వచ్చాడు. "నీ కళ్లు మంచియ్యిరా," అన్నాడు. "ఒక్క కళ్లకే జీతం ఇమ్మని అడగలేకపోయాను." వారం తిరక్కుండా నేను, నా ట్రంకు పెట్టె గుడివాడ బస్సెక్కాం. అమ్మవారికి ఐదు కొబ్బరికాయలు మాత్రం కొట్టాను. ఆ మొక్కు ఆవిడ తీర్చింది కదా.

బాబాయి దగ్గర రెండేళ్లు ఎలా గడిచాయో ఇక్కడ రాయను. మూడో ఏడు ఆ ట్రాన్స్‌పోర్టు కంపెనీ గుడివాడలో బుకింగ్ ఆఫీసు తెరిచింది. ఒక మధ్యాహ్నం బాబాయి భోజనానికి వెళ్లినప్పుడు, ఆ ఆఫీసులో కొత్తగా వచ్చిన గుమాస్తా మా మెట్లెక్కాడు. నోరు తెరిచి నవ్వగానే గుర్తుపట్టాను. ముందు పన్ను కట్టించుకోలేదు. గిన్నె పడకుండానే నేను కాదండీ అనబోయాను.

అమ్మకి స్టీలు బిందె కావాలన్నాడు. నేను రెండు దించి బల్ల మీద పెట్టాను. ఊరికే ఆట సంగతులు చెప్పాడు. మాస్టారికి షుగర్ వచ్చిందట. వాడిప్పుడు ఐదుగురిలో ఒకడట. బిందె తిప్పి చూస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"ఆ చెయ్యి తుడుచుకోవడం ఎప్పుడు కనిపెట్టావు షావుకారూ?"

రెండేళ్లుగా ఈ ప్రశ్నకి జవాబు తయారుచేసుకుని ఉంచాను. నీకు తగిలినప్పుడే, అప్పుడే తెలిసింది, అన్నాను. 

"నువ్వేదన్నా కనిపెడితే నీ బొటనవేలు చూపుడువేలు మీద తిరుగుద్ది," అన్నాడు వాడు. "నోటు ఎంచుతున్నట్టు. తొమ్మిది నెలలు నీ బెంచీ మీదేగా కూర్చుంది. ఆ రోజు ఫస్టాఫ్‌లోనే తిరిగింది. టైమవుట్‌లో చెప్తావనుకున్నా. ఇంకొంచెం పొయ్యనా అన్నావు."

బల్ల కింద నా చెయ్యి నేను గట్టిగా పట్టుకున్నాను. మనుషుల్ని చదవగలనని బతికినవాణ్ణి. పక్కన కూర్చున్నవాడు నన్ను చదువుతున్నాడని ఒక్కరోజు కూడా చూసుకోలేదు.

"మరి నువ్వే అడగొచ్చుగా," అన్నాను.

"అడిగితే రేటు చెప్తావుగా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తెలిసిన దారి ఒకటి ఉండేది, అరిచేవాళ్లతో ఎలా మాట్లాడాలో మాకు చిన్నప్పుడే నేర్పుతారు. బిందె ఎంత అని అడిగాడు. నేను కొన్న ధర చెప్పాను, ఒక్క పైసా కలపకుండా. బాబాయి వింటే ఏమవుతుందో తెలిసే చెప్పాను. వాడు విని, కడుపునొప్పి వచ్చినట్టు మొహం పెట్టాడు. బిందె మెల్లిగా బల్ల మీద వెనక్కి జరిపాడు. ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు. తిరిగి మెట్లవైపు నడిచాడు.

అది బేరమో, నిజంగా వెళ్లిపోవడమో ఆ వీపు చూస్తే తెలియలేదు. ఎంతోమంది వీపులు చూశాను, అదొక్కటే తెలియలేదు. మొదటి మెట్టు మీద వాడి కాలు ఆనగానే పిలిచేశాను. ఇంకా ఏం చెప్పాలో తోచకుండానే.

వాడు ఆగి, వెనక్కి తిరిగి, పన్ను లేని సందులో నాలుక పెట్టుకుని నావైపు చూస్తూ నిలబడ్డాడు.